ఆడేది ఒకరు, చెల్లించేది ఇంటిల్లిపాదీ: జూదం నష్టం ఎలా పాకుతుంది

సంక్షిప్తంగా: జూదం నష్టం ఆడినవారి జేబు దగ్గర ఆగదు. అది ఇంటి ఉమ్మడి డబ్బును, జీవిత భాగస్వామి నమ్మకాన్ని, పిల్లల స్థిమితాన్ని తాకి, పనిచేసే చోటికీ నివసించే ప్రాంతానికీ పాకుతుంది. ఆట వేగం, తేలికగా పుట్టే అప్పు, గుట్టు అనే మూడూ కలిసిన చోట నష్టం అదుపు తప్పుతుంది. వ్యసనపరులను గుర్తించి చికిత్స చేయడంతో సరిపెట్టకుండా, ఆట రూపాన్నే కట్టడి చేసిన చోట మెరుగైన ఫలితాలు కనిపించాయి.

చర్చ ఎక్కడ దారి తప్పుతోంది

జూదం గురించి మాట వచ్చిన ప్రతిసారీ రెండు వాదనలు ఎదురెదురుగా నిలబడతాయి. వయసు వచ్చిన మనిషి తన సొంత డబ్బుతో ఏం చేసుకున్నా అది అతని ఇష్టమన్నది ఒకటి. మనసు దిటవు లేనివారే జూదంలో మునిగిపోతారు కాబట్టి వారిని దారిలో పెట్టాలన్నది మరొకటి. పైకి విరుద్ధంగా కనిపిస్తున్నా ఈ రెండింటి చూపూ ఆడే మనిషి మీదే నిలిచి ఉంది. మొదటి వాదన అతని వివేకాన్ని నమ్ముతుంది, రెండోది అతని బలహీనతను తప్పుపడుతుంది. అతని సంపాదన మీద ఆధారపడినవారు, అతని అప్పుకు హామీ సంతకం చేసినవారు, అతని చేతికి తమ పొదుపు అప్పగించినవారు రెండింటిలోనూ కనిపించరు. కుటుంబంలో ఒకరి డబ్బు పూర్తిగా ఆ ఒకరిదే కావడం అరుదు గనుక, సొంత డబ్బు అన్న వాదన చాలా ఇళ్లలో గడప దగ్గరే వీగిపోతుంది.

ఈ ప్రశ్న ఇప్పుడు మరింత పదునెక్కడానికి కారణం ఫోన్. పూర్వం జూదం ఆడాలంటే ఒక చోటికి వెళ్లాలి, కొంతసేపు ఇంట్లో లేకుండా ఉండాలి, చేతిలో నగదు ఉండాలి. ఈ మూడూ చిన్నపాటి అడ్డుకట్టలుగా పనిచేసేవి. ఇప్పుడు ఆటస్థలం, ఖాతా, అప్పు ఇచ్చే యాప్ ఒకే పరికరంలో పక్కపక్కన ఉన్నాయి. ల్యాన్సెట్ పబ్లిక్ హెల్త్ పత్రిక నియమించిన నిపుణుల సంఘం 2024లో వెలువరించిన నివేదిక అంచనా ప్రకారం ప్రపంచంలో దాదాపు 45 కోట్ల మంది వయోజనులు జూదం వల్ల ఏదో ఒక స్థాయిలో ముప్పును ఎదుర్కొంటున్నారు. వారిలో సుమారు 8 కోట్ల మంది పరిస్థితి తీవ్రమైనది. వీరంతా ఆడేవారు. వీరి ఇళ్లలో ఉన్నవారు ఈ సంఖ్యలో లేరు.

వైద్యశాస్త్రం మాత్రం కుటుంబాన్ని పూర్తిగా మరచిపోలేదు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1980లో తొలిసారి జూద వ్యసనాన్ని మానసిక రుగ్మతల జాబితాలో చేర్చి, 2013లో దానిని మద్యం, మత్తుమందుల వ్యసనాలున్న వర్గంలోకి మార్చింది. నిర్ధారణకు పెట్టిన తొమ్మిది లక్షణాల్లో మూడు నేరుగా ఇంటికి సంబంధించినవే: ఎంత ఆడుతున్నదీ దాచడానికి అబద్ధాలాడడం, ముఖ్యమైన బంధాన్ని గానీ ఉద్యోగాన్ని గానీ చదువును గానీ ప్రమాదంలో పడేయడం లేదా పోగొట్టుకోవడం, ఆర్థికంగా గట్టెక్కడానికి ఇతరుల డబ్బు మీద ఆధారపడడం. రోగి ఒకరే అయినా, రోగం ఉందని చెప్పే ఆనవాళ్లలో మూడో వంతు పక్కవారి జీవితంలో కనబడతాయన్నమాట.

ఆట లోపలి లెక్క

జూదం నడిపేవారికి ప్రతి పందెంలోనూ కొంత శాతం మిగిలేలా ఆట తయారవుతుంది. తిరిగే చక్రంలో బంతి ఏ అంకె గడిలో పడుతుందోనని పందెం కాసే ఆట రూలెట్. దాని ఐరోపా తరహా చక్రంలో 37 గళ్లుంటాయి. ఒక అంకె మీద పెట్టిన పందెం గెలిస్తే 35 రెట్లు లాభం వస్తుంది. న్యాయంగా 36 రెట్లు రావాలి. ఆ తేడాయే నిర్వాహకుడి వాటా, అది దాదాపు 2.7 శాతం. అమెరికా తరహా చక్రంలో ఒక గడి ఎక్కువ కావడంతో అదే వాటా 5.26 శాతానికి పెరుగుతుంది. వినడానికి ఇవి చిన్న అంకెలే. ఇంత తక్కువ శాతంతో ఇళ్లు ఎలా ఖాళీ అవుతాయన్న సందేహం సహజమైనది.

జవాబు వేగంలో ఉంది. ఆ శాతం ఒక్కో పందానికి పడుతుందే గానీ ఆడడానికి తెచ్చుకున్న మొత్తం మీద ఒక్కసారి పడి ఊరుకోదు. ఐరోపా తరహా చక్రం గంటకు 40 సార్లు తిరిగే బల్ల దగ్గర, ప్రతిసారీ ఒక నాణెం పందెం కాసే మనిషి సగటున గంటకు ఒక నాణెం చొప్పున నష్టపోతాడు. అదే మనిషి 5 శాతం వాటా తీసుకునే స్లాట్ మెషీన్ (డబ్బు వేసి మీట నొక్కగానే గెలుపోటములు చూపే జూద యంత్రం) మీద గంటకు 1,000 ఆటలు ఆడితే సగటు నష్టం 50 నాణేలు. శాతం రెట్టింపు కూడా కాలేదు, నష్టం దాదాపు 50 రెట్లయింది. వారానికో రెండు వారాలకో ఒకసారి డ్రా తీసే లాటరీకీ, మూడు క్షణాలకొకసారి ఫలితం చూపే ఆన్‌లైన్ ఆటకూ ఒకే పేరు పెట్టి మాట్లాడుకోవడం వల్ల ఈ తేడా మరుగున పడుతోంది. మాటలో రెండూ జూదమే, ప్రభావంలో వేర్వేరు వస్తువులు.

వేగానికి మనసు తీరు తోడవుతుంది. బహుమతి ఎప్పుడు వస్తుందో తెలియకుండా అక్కడక్కడా వస్తూ ఉంటే ఆ పనిని మానుకోవడం చాలా కష్టమవుతుందని మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ ప్రయోగాలు 20వ శతాబ్దం మధ్యలోనే చూపాయి. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2009లో ప్రచురించిన అధ్యయనంలో, గెలుపు కొద్దిలో తప్పిపోయినప్పుడు గెలుపు వేళ స్పందించే మెదడు భాగాలే స్పందిస్తాయని తేలింది. కొద్దిలో తప్పిన ఓటమి బాధ కలిగిస్తూనే మళ్లీ ఆడాలన్న కోరికను పెంచుతుంది. ఇరవై నాణేలు పందెం పెడితే ఎనిమిది తిరిగొచ్చిన సందర్భంలో కూడా వెలుగులతో, సంగీతంతో అభినందించే యంత్రాలున్నాయి. పన్నెండు పోయాయన్న సంగతి ఆ సంబరంలో వినబడదు.

క్రీడల మీద పందాలు కాసేవారిలో ఇంకో భ్రమ బలంగా ఉంటుంది. ఆట గురించి నిజంగానే బాగా తెలిసినవారు తమ తెలివితోనే గెలుస్తున్నామనుకుంటారు. నిర్వాహకుడు ప్రకటించే రేట్లలో (గెలిస్తే పందానికి ఎన్ని రెట్లు ఇస్తాడన్న లెక్కలో) ఆ తెలివి అప్పటికే కలిసి ఉంటుందనీ, తన వాటాను తీసేసుకున్న తర్వాతే అతడు ఆ రేట్లు ఇస్తాడనీ వారికి తట్టదు. నిలకడగా గెలిచేవారి పందాల మీద చాలా కంపెనీలు పరిమితి పెడతాయి. ఓడేవారికి అలాంటి అడ్డు సాధారణంగా ఉండదు.

ఇంట్లోకి నష్టం ఎలా వస్తుంది

మద్యానికి వాసన ఉంటుంది, తూలే నడక ఉంటుంది. జూదానికి అలాంటి ఆనవాలు లేదు. రాత్రి పక్కన పడుకుని ఫోన్ చూస్తున్న మనిషి వార్తలు చదువుతున్నాడో ఇంటి డబ్బు పందెం కాస్తున్నాడో చెప్పడం కష్టం. అందుకే చాలా కుటుంబాలకు విషయం తెలిసేది చివరి దశలోనే, అదీ ఆడిన మనిషి నోట కాదు. అప్పిచ్చినవారి ఫోన్ వల్లో, తిరిగొచ్చిన చెక్కు వల్లో, కట్టామనుకున్న ఫీజు కట్టలేదని పాఠశాల చెప్పడం వల్లో బయటపడుతుంది.

నష్టం సాగే క్రమం చాలా ఇళ్లలో ఒకే తీరుగా ఉంటుంది. మొదట విలాసాలకు పక్కన పెట్టుకున్న సొమ్ము పోతుంది. దానిని రాబట్టుకోవాలన్న పట్టుదలతో పొదుపును కదుపుతారు. ఈ మలుపే అన్నిటికన్నా ప్రమాదకరమైనది. ఎందుకంటే ఇక్కడి నుంచి ఆడే ఉద్దేశం మారిపోతుంది. సరదా కోసం ఆడేవారు అలసిపోతే ఆపగలరు. పోయినదాన్ని తెచ్చుకోవడానికి ఆడేవారికి ఆపడమంటే నష్టాన్ని ఒప్పుకోవడం, ఇంట్లో చెప్పవలసి రావడం. ఆ క్షణాన్ని వాయిదా వేయడానికి పందెం పెద్దదవుతుంది. పొదుపు అయిపోయాక బంగారం తాకట్టుకు వెళుతుంది, క్రెడిట్ కార్డు నిండుతుంది, బంధువుల దగ్గర ఏదో కారణం చెప్పి చేబదుళ్లు తీసుకుంటారు, ఆ తర్వాత అధిక వడ్డీ అప్పు మొదలవుతుంది. ప్రతి మెట్టుకూ ఒక కొత్త అబద్ధం కావాలి.

బయటపడ్డాక డబ్బు పోయిన బాధ కన్నా ఆ అబద్ధాల బరువు ఎక్కువగా ఉంటుందన్నది కుటుంబాలతో పనిచేసే సలహాదారులకు బాగా తెలిసిన సంగతి. భాగస్వామి గడిచిన కొన్నేళ్ల జీవితాన్ని మొత్తం తిరగేసి చూసుకుంటుంది: ఆ ప్రయాణం నిజమేనా, ఆ ఆస్పత్రి ఖర్చు నిజమేనా, జీతం తగ్గిందన్న మాట నిజమేనా. జ్ఞాపకాలే అనుమానాస్పదమవుతాయి. తనకేమీ తెలియకపోవడం తన తెలివితక్కువతనమేమోనన్న సిగ్గు ఆమెను నోరు మెదపనివ్వదు. ఆడే మనిషి దాచినదాన్ని ఇప్పుడు ఇల్లంతా దాచడం మొదలవుతుంది. భార్య ఆడే ఇళ్లలో భర్త పరిస్థితి కూడా ఇంతే. అక్కడ సిగ్గు మరింత ఎక్కువగా ఉండి, సాయం అడగడం ఇంకా ఆలస్యమవుతుంది.

ఇంట్లో హింసకూ జూదానికీ ఉన్న సంబంధాన్ని అనేక దేశాల అధ్యయనాలు గుర్తించాయి. అమెరికాలో ఆర్థికవేత్తలు చేసిన పరిశీలనల్లో, గెలుస్తుందనుకున్న స్థానిక జట్టు అనూహ్యంగా ఓడిన రోజున గృహహింస ఫిర్యాదులు పెరిగినట్టు, క్రీడా పందాలు చట్టబద్ధమైన చోట ఆ పెరుగుదల ఇంకా ఎక్కువగా ఉన్నట్టు కనిపించింది. ప్రతి జూదరి ఇంట్లోనూ హింస ఉంటుందని దీని అర్థం కాదు. డబ్బు ఒత్తిడి, అవమానభారం ఉన్న చోట అది నిప్పును రాజేస్తుందని మాత్రం చెప్పవచ్చు.

పిల్లలు లెక్కలు చూడరు గానీ వాతావరణాన్ని పసిగడతారు. గెలిచిన రోజు బహుమతులు, ఓడిన రోజు కసుర్లు, ఎప్పుడు ఏది వస్తుందో తెలియని ఇల్లు వారిని నిరంతరం జాగ్రత్తగా ఉండేలా చేస్తుంది. పక్కనే కూర్చున్నా మనసంతా ఫలితం మీద ఉన్న తల్లి గానీ తండ్రి గానీ వారికి అందుబాటులో లేనట్టే. జూద సమస్య ఉన్నవారి పిల్లల్లో అదే సమస్య వచ్చే అవకాశం ఇతరులకన్నా ఎక్కువని పరిశోధనలు పదేపదే చెబుతున్నాయి.

సాయం ఎందుకు బెడిసికొడుతుంది

విషయం బయటపడగానే చాలా కుటుంబాలు చేసే మొదటి పని అప్పు తీర్చేయడం. పరువు కోసం, వడ్డీ భారం తగ్గుతుందని, ఇకపై ఆడనన్న ప్రమాణాన్ని నమ్మి తల్లిదండ్రులు తమ పొదుపును, తోబుట్టువులు తమ వాటాను ఇచ్చేస్తారు. ఈ మంచి మనసుకు ఫలితం తరచుగా చేదుగా ఉంటుంది. అప్పు తీరగానే మళ్లీ అప్పు పుట్టే అర్హత తిరిగివస్తుంది. అంతకన్నా ముఖ్యంగా, ఎంత పోయినా చివరికి ఎవరో ఒకరు గట్టెక్కిస్తారన్న లెక్క ఆడే మనిషి మనసులో స్థిరపడుతుంది. కుటుంబం చెల్లించిన మొత్తం అతని కళ్లకు అనుకోకుండా వచ్చిన పెద్ద గెలుపులాగే కనిపిస్తుంది.

అలాగని వదిలేయాలని కాదు. అప్పుల పూర్తి జాబితా రాతపూర్వకంగా బయట పెట్టించడం, ఉమ్మడి ఖాతాను విడదీయడం, ఇంటి పత్రాలు, బంగారం అతని అందుబాటులో లేకుండా చూడడం, ఆ తర్వాత అతని సంపాదనలోంచే నెలనెలా తీరేలా అప్పిచ్చినవారితో మాట్లాడుకోవడం వంటి పద్ధతులను సలహాదారులు సూచిస్తారు. ఒకేసారి తీర్చడం కన్నా ఇవి కష్టమైన పనులు, బంధువుల ముందు నిలబడి చేయవలసిన పనులు. కానీ ఇవి మిగిలిన ఇంటిని కాపాడతాయి.

ఎంతమంది మీద పడుతుంది

ఆస్ట్రేలియా పరిశోధకులు 2017లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం తీవ్ర సమస్య ఉన్న ఒక్కో జూదరి వల్ల సగటున ఆరుగురు ఇతరులు నష్టపోతున్నారు. మధ్యస్థ ముప్పు ఉన్నవారి విషయంలో ఆ సంఖ్య ముగ్గురు, తక్కువ ముప్పు ఉన్నవారి విషయంలో ఒకరు. అదే దేశంలోని విక్టోరియా రాష్ట్రంలో 2016లో వచ్చిన మరో అధ్యయనం ఇంకా ఆలోచింపజేసేది. మొత్తం జూద నష్టంలో తీవ్ర వ్యసనపరుల వాటా సుమారు 15 శాతమే ఉండగా, తక్కువ ముప్పు వర్గంలోని వారి వాటా దాదాపు సగం ఉన్నట్టు అది అంచనా వేసింది. ఒక్కొక్కరి నష్టం చిన్నదైనా వారి సంఖ్య ఎక్కువ కావడమే దీనికి కారణం. చిన్న నష్టాలను అన్నిటినీ ఇలా కూడవచ్చా అని కొందరు పరిశోధకులు అభ్యంతరం చెప్పారు, ఆ అభ్యంతరంలో కొంత బలముంది. అయినా, వ్యసనపరులకు చికిత్స చేస్తే సమస్య తీరిపోతుందన్న నమ్మకాన్ని ఈ లెక్క గట్టిగా ప్రశ్నిస్తోంది.

ప్రాణాల మీదికి వచ్చే సందర్భాలూ ఉన్నాయి. స్వీడన్‌లో జూద రుగ్మత నిర్ధారణ అయిన రెండు వేలకు పైగా రోగుల రికార్డులను పరిశీలించి 2018లో వెలువరించిన అధ్యయనంలో, వారిలో ఆత్మహత్య మరణాల రేటు సాధారణ జనాభాకన్నా 15 రెట్లు ఎక్కువగా ఉన్నట్టు తేలింది. ఆస్పత్రి దాకా వచ్చిన తీవ్ర రోగుల లెక్క కాబట్టి దీనిని ఆడేవారందరికీ వర్తింపజేయకూడదు. అప్పు గుట్టు బయటపడిన వెంటనే ఉండే రోజుల్లో ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదన్న వైద్యుల హెచ్చరికకు మాత్రం ఇది బలమైన కారణం.

ఇంటి గోడ దాటాక

సమాజం మీద పడే ప్రభావాన్ని కొలవడం ఇంటి నష్టాన్ని కొలవడం కన్నా కష్టం. ఎందుకంటే లాభాలు ఒక చోట కుప్పగా కనిపిస్తాయి, నష్టాలు అనేక పద్దుల్లోకి చెదిరిపోతాయి. ఒక కాసినో ఎన్ని ఉద్యోగాలిచ్చిందో, ఎంత పన్ను కట్టిందో ఒక్క కాగితం మీద రాయవచ్చు. యజమాని డబ్బు వాడుకుని పట్టుబడిన ఉద్యోగి కేసు పోలీసు పద్దులోకి, అతని కుంగుబాటు ఆస్పత్రి పద్దులోకి, విడాకులు కోర్టు పద్దులోకి వెళతాయి. ఏ పద్దులోనూ జూదం అన్న పేరు ఉండదు.

అమెరికాలో 1977 నుంచి 1996 వరకు కౌంటీల (మన జిల్లాల వంటివి) నేర గణాంకాలను పరిశీలించిన ఇద్దరు ఆర్థికవేత్తలు, కాసినోలున్న కౌంటీల నేరాల్లో దాదాపు 8 శాతం వాటి వల్లనేనని 2006లో అంచనా వేశారు. కాసినో తెరిచిన తొలినాళ్లలో ప్రభావం స్వల్పంగా ఉండి, కొన్నేళ్లకు పెరుగుతూ వచ్చిందన్నది వారి ముఖ్యమైన పరిశీలన. బయటి నుంచి వచ్చే పర్యాటకులను జనాభాలో కలపకపోవడం వల్ల నేరాల రేటు ఎక్కువగా కనిపిస్తోందని ఇతర ఆర్థికవేత్తలు విమర్శించారు. ఆ వివాదం ఎలా ఉన్నా, నష్టం ఆలస్యంగా బయటపడుతుందన్న అంశం ఇతర చోట్ల కూడా కనిపిస్తుంది. క్రీడా పందాలను పరిమితం చేసిన 1992 నాటి చట్టాన్ని అమెరికా సుప్రీంకోర్టు 2018 మేలో కొట్టేశాక ముప్పైకి పైగా రాష్ట్రాలు వాటిని అనుమతించాయి. అక్కడ కొన్నేళ్లు గడిచాక క్రెడిట్ స్కోర్లు తగ్గినట్టు, దివాలా పిటిషన్లు పెరిగినట్టు 2024 నాటి విశ్లేషణలు చూపాయి. ఆన్‌లైన్ పందాలను అనుమతించిన చోట ఈ ధోరణి మరింత స్పష్టంగా ఉంది. అనుమతి ఇచ్చిన తొలి రెండేళ్ల లెక్కలు చూపి అంతా బాగుందని చెప్పే ప్రకటనలను అందుకే జాగ్రత్తగా చదవాలి.

భారం అందరి మీదా సమానంగా పడదు. విక్టోరియా రాష్ట్రంలో జూద యంత్రాలు ఆదాయం తక్కువున్న ప్రాంతాల్లోనే ఎక్కువగా కేంద్రీకృతమై ఉన్నాయన్నది చాలాకాలంగా నమోదవుతున్న సంగతి. తక్కువ ఆదాయం గల ఇంట్లో పోయిన చిన్న మొత్తం కూడా అద్దె మీదో మందుల మీదో పడుతుంది. ఆ ప్రాంతంలోని ఇతర వ్యాపారాలకు చేరవలసిన సొమ్ము బయటికి పోతుంది.

వ్యాపారం, ప్రభుత్వం

ఆస్ట్రేలియా ప్రభుత్వ సలహా సంస్థ ప్రొడక్టివిటీ కమిషన్ 2010 నివేదికలో, జూద యంత్రాల మీద ఖర్చయ్యే మొత్తంలో దాదాపు 40 శాతం తీవ్ర సమస్య ఉన్నవారి నుంచే వస్తోందని అంచనా వేసింది. ఈ అంకె ప్రాముఖ్యం గణాంకాన్ని మించినది. బాధ్యతగా ఆడండి అని చెప్పే సంస్థ ఆదాయంలో ఇంత భాగం బాధ్యత కోల్పోయినవారి నుంచి వస్తున్నప్పుడు, ఆ సలహా నిజంగా పనిచేస్తే నష్టపోయేది ఆ సంస్థే. పన్ను రూపంలో వాటా తీసుకునే ప్రభుత్వం కూడా అదే పడవలో ఉంటుంది. లాటరీ సొమ్ముతో పాఠశాలలకో క్రీడలకో నిధులిచ్చే చోట ఆ ఇరకాటం ఇంకా ముదురుతుంది. ఎందుకంటే ఆదాయం తగ్గించే ఏ నిబంధననైనా మంచి పనులకు కోత అని చూపడం సులభమవుతుంది.

వివిధ దేశాల మార్గాలు వేర్వేరుగా ఉన్నాయి. నార్వే 2006లో స్లాట్ మెషీన్లలో నోట్లు పెట్టే సదుపాయాన్ని తీసేసి, 2007 జూలై నాటికి ఆ యంత్రాలను పూర్తిగా తొలగించింది. ఆడేవారంతా మరో జూదానికి మళ్లుతారన్న భయం పెద్దగా నిజం కాలేదు, సర్వేల్లో ఆడేవారి సంఖ్య, సమస్యల తీవ్రత తగ్గాయి. తర్వాత వచ్చిన ప్రభుత్వ యంత్రాల్లో వ్యక్తిగత కార్డు, నష్ట పరిమితి తప్పనిసరి. బ్రిటన్ 2019లో పందాల దుకాణాల్లోని యంత్రాల గరిష్ఠ పందాన్ని 100 పౌండ్ల నుంచి 2 పౌండ్లకు తగ్గించింది, 2020 ఏప్రిల్ నుంచి క్రెడిట్ కార్డుతో జూదాన్ని నిషేధించింది, 2021లో ఆన్‌లైన్ స్లాట్ ఆటల మధ్య కనీసం 2.5 సెకన్ల వ్యవధి ఉండాలంది. వేగం, అప్పు అనే రెండు మూలాలనూ ఇవి నేరుగా తాకుతున్నాయి. భారతదేశం 2025 ఆగస్టులో డబ్బు పణంగా పెట్టే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చేసిన చట్టం ఆడేవారిని శిక్షించదు, నడిపేవారికి 3 ఏళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా నిర్దేశిస్తుంది. పూర్తి నిషేధంలో ఉన్న చిక్కు, విదేశాల నుంచి నడిచే వెబ్‌సైట్లకు ఆడేవారు మళ్లే అవకాశం. అక్కడ ఏ పరిమితీ వర్తించదు.

కుటుంబానికే హక్కు ఇచ్చిన ఉదాహరణ సింగపూర్. అక్కడ కాసినోలు 2010లో తెరుచుకున్నాయి. దేశ పౌరులు, శాశ్వత నివాసులు లోపలికి వెళ్లాలంటే ప్రవేశ రుసుము చెల్లించాలి. అంతకన్నా గమనించదగ్గది, జూదం వల్ల నష్టపోతున్న కుటుంబసభ్యులు తమవారిని లోపలికి రానివ్వవద్దని దరఖాస్తు చేసుకోగలగడం. విచారణ తర్వాత ఉత్తర్వు ఇస్తారు. ఆడే మనిషి ఒప్పుకునే దాకా ఇల్లు ఎదురుచూడనక్కర్లేదన్న సూత్రాన్ని చట్టం అంగీకరించింది. ఆన్‌లైన్ ఆటలకు ఇలాంటి హక్కు ఇవ్వడం సాంకేతికంగా అసాధ్యమేమీ కాదు. బ్రిటన్‌లో ఆడేవారు ఒక్క నమోదుతో లైసెన్సు ఉన్న వెబ్‌సైట్లన్నిటి నుంచీ తమను తాము దూరం చేసుకోగల వ్యవస్థ ఇప్పటికే ఉంది. అందులో కుటుంబానికి చోటు లేదు.

ఆట ఆగిన తర్వాత

జూదం మానేసిన రోజున నష్టం ఆగిపోదు. అప్పు ఏళ్ల తరబడి సాగుతుంది, అమ్ముకున్న ఇల్లు తిరిగి రాదు, చదువు ఆగిపోయిన పిల్లల కాలం వెనక్కి మళ్లదు. ఖాతాలు చూసే బాధ్యత భాగస్వామి మీద పడడంతో ఆలుమగల బంధం కాపలా బంధంగా మారుతుంది. ప్రతి ఆలస్యానికీ సంజాయిషీ అడగవలసి రావడం ఇద్దరినీ నలిపేస్తుంది. ఆడినవారికోసం గ్యాంబ్లర్స్ అనానిమస్ 1957లో లాస్ ఏంజెలెస్‌లో మొదలైంది. వారి కుటుంబాల కోసం గ్యామ్-అనాన్ అనే వేరే బృందం 1960లో ఏర్పడింది. కుటుంబం అవసరం వేరని ఆ తొలినాళ్లలోనే అనుభవంతో తెలిసిందన్నమాట. ఆడే మనిషి చికిత్సకు రానన్నా, అతని భాగస్వామికి విడిగా సలహా అందితే ఆమె కుంగుబాటు తగ్గుతుందనీ, ఇంటి డబ్బును కాపాడుకునే నిర్ణయాలు త్వరగా తీసుకోగలుగుతుందనీ ఈ రంగంలో పనిచేసేవారు చెబుతారు.

నిధుల పంపకంలో ఈ అవగాహన ఇంకా పూర్తిగా ప్రతిఫలించడం లేదు. బ్రిటన్ 2025 ఏప్రిల్ నుంచి జూద కంపెనీల మీద తప్పనిసరి సుంకం విధించి, వచ్చిన సొమ్ములో 50 శాతం చికిత్సకు, 30 శాతం నివారణకు, 20 శాతం పరిశోధనకు కేటాయించింది. కంపెనీల స్వచ్ఛంద విరాళాల మీద ఆధారపడిన పాత పద్ధతి కన్నా ఇది ఎంతో మేలు. ఆ సొమ్ములో ఎన్నడూ ఒక్క పందెం కూడా కాయని భార్యకో భర్తకో తల్లికో చేరేది ఎంతన్నది మాత్రం చికిత్స అన్న మాటకు అధికారులు ఇచ్చే పరిధిని బట్టి ఉంటుంది. రోగుల సంఖ్యతో పాటు సాయం పొందిన కుటుంబసభ్యుల సంఖ్యనూ ఏటా విడిగా ప్రకటించే నిబంధన పెడితే ఆ పరిధి ఎంతో బయటపడుతుంది.